కళావతి కిడ్నీ

మా ఇంట్లో “కళావతి కిడ్నీ” అంటే నా ఒంట్లో ఉన్న కిడ్నీ కాదు, మా ఆయన ఒంట్లో ఉన్నది. రెండేళ్ళ కిందట విశాఖపట్నంలో నా ఎడమ పక్క కోసి, తీసి, ఆయనకి పెట్టారు. అప్పటినుంచి దాని క్షేమం ఊరందరికీ కావాలి. పాలు పోసే మనిషి అడుగుతుంది. పలాస బస్సులో ముక్కూ మొహం తెలియని ఆవిడ అడుగుతుంది. పెళ్ళి భోజనాల్లో సాంబారు బాల్చీ పట్టుకున్నవాడు వడ్డన ఆపి మరీ అడుగుతాడు. “కళావతమ్మా, నీ కిడ్నీ ఎలగున్నాది?” అని. “బాగున్నాది” అంటాను. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి మనిషిని పోగొట్టుకోని వీధి లేదు, అంచేత అడిగినవాళ్ళ మీద కోపం రాకూడదు. కానీ నడుం నొప్పితో గుమ్మం పట్టుకుని నిలబడ్డప్పుడు కూడా ఆ మాటే అడిగితే ఒళ్ళు మండేది.

ఆ వేసవిలో జీడిపిక్కలు ముందే రాలడం మొదలైంది. తోటలో పండు కుళ్ళిన పులుపు వాసన ఇంటి వరకూ కొట్టేది. మా ఆయన మన్మథరావుకి ఆ వాసన తగిలితే కాలు నిలవదు. పుట్టి బుద్ధెరిగాక పిక్కల కాలంలో ఇంట్లో కూర్చున్న మనిషి కాదు. ఇప్పుడేమో డాక్టరు మట్టిలోకి పోవద్దంది, దుమ్ములోకి పోవద్దంది, నలుగురు చేరిన చోటికి అసలే పోవద్దంది. కొత్త కిడ్నీని ఒళ్ళు పరాయిదనుకుని తన్ని తగలెయ్యకుండా వేసుకునే మాత్రలు, మిగతా జబ్బుల్ని కూడా కాయలేని స్థితికి ఒంటిని తెచ్చేస్తాయట. అందుకని మాస్కు పెట్టుకుని, స్టెరాయిడ్లకి గుండ్రంగా ఉబ్బిన మొహంతో అరుగు మీద కూర్చుని, కూలి మనుషులు తట్టలతో వెళ్తుంటే చూసేవాడు. నేను కాపలా.

ఒకరోజు ఎడమ పక్కన డొక్క పట్టుకుని, “ఇక్కడ మంటగా ఉన్నాది కళా” అన్నాడు.

“గ్యాసు బావా. నిన్న పనసకాయ కూర తినొద్దంటే విన్నావేటి?” అన్నాను.

ఆ మర్నాడు పంచాయతీ ఆఫీసుకని చెప్పి వెళ్ళి, పొగ వాసనతో తిరిగొచ్చాడు. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను.

“సేతులు సూపించు.”

“ఎందుకే?”

“సూపించమన్నాను.”

వేళ్ళ చివర్లు నల్లగా ఉన్నాయి. పిక్కలు కాల్చుకు తిన్నవాడి వేళ్ళు దాచినా దాగవు. తోటలో మంట పెట్టి కూలి మనుషులతోపాటు కూర్చుని కాల్చాడట.

“నాలుగంటే నాలుగు పిక్కలు” అన్నాడు పిల్లాడిలా.

“నీకు పిక్కలు కావాలా, నా కిడ్నీ కావాలా? తేల్చి సెప్పీ!”

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రమంతా గిన్నెలు చప్పుడయ్యేలా తోమాను.

రెండు రోజులకి డొక్క మీద పొక్కులు లేచాయి. చొక్కా ఎత్తి చూపించగానే నేనూ మా అత్త కన్నమ్మా ఒకేసారి అనేశాం, “జీడి!” అని. పిక్క పెంకులో ఉండే జీడి రసం చుక్క పడితే చర్మం కాలి బొబ్బ లేస్తుంది. మా ప్రాంతంలో అది తెలియని మనిషి లేదు. కాల్చేటప్పుడు పెంకు పేలి చిమ్మి ఉంటుంది. పొక్కు చూస్తే ఇంకో ఊరివాళ్ళు డాక్టరు దగ్గరికి పరిగెడతారేమో గానీ, మేము కొబ్బరినూనె సీసా కోసం చూస్తాం. అత్త నూనె రాసింది. నేను తిట్లు రాశాను. డాక్టరుకి ఫోను చెయ్యాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. జీడికి డాక్టరేమిటి?

కానీ మంట తగ్గలేదు. చొక్కా గుడ్డ తగిలినా “అబ్బా” అని మెలికలు తిరిగిపోయేవాడు. పడుకుంటే అటు ఒత్తుగిలలేడు. తిండి సయించలేదు. జీడి పొక్కు ఇన్నాళ్ళు ఇంత బాధపెట్టగా నేను చూడలేదు. చిన్నప్పుడు నా చేతుల మీద ఎన్ని లేవలేదు!

ఓ పొద్దున్న కాఫీ తాగాక, వీపు వైపు నూనె రాద్దామని చొక్కా పూర్తిగా విప్పించి వెలుగులో కూర్చోబెట్టాను. అప్పుడు సరిగ్గా చూశాను. పొక్కులు గుత్తులు గుత్తులుగా వెన్నుపూస దగ్గర మొదలై, డొక్క మీదుగా ముందుకొచ్చి, బొడ్డుకి పైన సరిగ్గా నడిమధ్యన ఆగిపోయాయి. ఎవరో గీత గీసినట్టు. కుడి పక్కన ఒక్కటీ లేదు.

“బావా, పిక్కలు కాల్చినప్పుడు సొక్కా యేసుకున్నావా?”

“యేసుకోకుండా ఎలగుంటాను?”

“మరి జీడి సొక్కా లోపలికెలగెల్లింది? ఈపు మీదికెలగెల్లింది?”

ఆయన ఆలోచించాడు. “అసలు మంట ముందొచ్చింది కదే. నేను తోటకెల్లక ముందే.”

నూనె గిన్నె కింద పెట్టేశాను. గ్యాసు అన్నది నేనే కదా.

అత్త దగ్గరికొచ్చి వంగి చూసింది. ఆవిడ చూపు పొక్కుల పట్టీ మీద లేదు. మెడ మీద రెండు, నుదుటి మీద ఒకటి, మోచేతి మీద మరొకటి కొత్తగా లేచాయి, నీటి చుక్కల్లా. ఆవిడ రెండు చేతులూ జోడించేసింది.

“ఓలమ్మ తల్లీ! ఇది జీడి కాదే. అమ్మోరు పోసింది.”

ఆ క్షణం నుంచి ఇల్లు ఆవిడదైపోయింది. గుమ్మానికి వేపకొమ్మలు వచ్చాయి. పొయ్యి మీద తాలింపు మూకుడు దిగిపోయింది. పసుపునీళ్ళు, చల్లన్నం, మజ్జిగ. బయటివాళ్ళు లోపలికి రాకూడదు, లోపలివాళ్ళు గడప దాటకూడదు. నేను ఫోను కోసం వెతుకుతుంటే తొమ్మిది గంటల అలారం మోగింది. పొద్దుటి మాత్రల అలారం. కిడ్నీ పెట్టిన రోజు నుంచి ఒక్క పూట తప్పలేదు. మాత్రల డబ్బా ఎప్పుడూ ఫ్రిజ్ మీద ఉంటుంది. ఇప్పుడు లేదు.

“అత్తా, డబ్బా ఏది?”

“తీసీసేను.”

“తీసీడమేటి?”

“అమ్మోరు ఒంటి మీదుండగా మందులు పడకూడదు. తల్లికి కోపమొత్తాది.”

అలారం ఆగకుండా మోగుతోంది. నేను ఆపలేదు. ఆగితే వేళ దాటిపోయినట్టు అనిపించింది. “అత్తా, ఆ మాత్రలు మానితే కిడ్నీ పోతాది. ఆసుపత్రిలో నీ ఎదురుగా సెప్పేరు కదా!”

“నా చిన్నమ్మికి అమ్మోరు పోసినప్పుడు సూదేయించినాను. అందరూ వొద్దన్నారు, నానే మొండికేసి ఏయించినాను. పిల్ల దక్కినాదేటి?” అంది. అని మొహం పక్కకి తిప్పుకుంది. చిన్నమ్మి అంటే మా ఆయన అక్కట, తర్వాత తెలిసింది. ఆ పేరు ఆ ఇంట్లో నేను వినడం అదే మొదటిసారి.

మా ఆయన మంచం మీద ముడుచుకుని ఉన్నాడు. నుదురు ముట్టుకుంటే కాలుతోంది. “అమ్మ సెప్పినట్టు రెండ్రోజులు సూద్దాం కళా” అన్నాడు. డిగ్రీ చదివిన మనిషి. మాత్రల పేర్లు నాకన్నా బాగా తెలిసిన మనిషి. ఒంట్లో ఓపిక పోతే మనిషి అమ్మ పక్కకే జరుగుతాడు కాబోలు.

విశాఖ డాక్టరు గౌతమికి వీడియో కాల్ చేశాను. ఆవిడ చిన్నది, మాట మెత్తన. ఫోను వీపు మీదికి, డొక్క మీదికి, మెడ మీదికి తిప్పించి చూసింది.

“ఎన్నాళ్ళయింది?”

“వారం దాటింది. జీడి అనుకున్నాం.”

“జీడా?” అంది అర్థం కాక. “ఇది హెర్పిస్ జోస్టర్ కళావతిగారూ. ఆయనకి చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా?”

నాకు తెలియదు. గుమ్మంలోంచి మా అత్త జవాబు చెప్పింది. “ఒచ్చింది. బడికెల్లే ఈడులో ఒచ్చింది. బాగా పోసింది.”

“ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు పెద్దమ్మా. వెన్ను పక్కన నరాల్లో దాక్కుని ఉండిపోతుంది. మామూలుగా అయితే మన ఒంటి శక్తే దాన్ని లేవనివ్వదు. కిడ్నీ నిలవాలని ఆ శక్తిని మేమే మందులతో తగ్గించాం. అందుకని లేచింది.”

“అంటే అమ్మోరు అప్పుట్నించీ ఆడి ఒంట్లోనే ఉన్నాదన్నమాట.”

డాక్టరు కాదనలేకపోయింది. “ఒక రకంగా అంతే.”

“అదే కదేటి నాను మొత్తుకుంతన్నాను!” అని అత్త నా వైపు గెలిచినట్టు చూసింది.

డాక్టరు గొంతు మారింది. పట్టీలా ఉన్నంతవరకు ఒక సంగతి, మెడ మీదా మొహం మీదా లేచాయంటే ఇంకో సంగతి అంది. ఇలాంటి మనిషిలో అది ఊపిరితిత్తులకి పోవచ్చు, మెదడుకి పోవచ్చు. ఇవాళే రావాలి, మందు నరంలోకి ఎక్కించాలి. “పొద్దుటి మాత్రలు వేశారు కదా?” అని అడిగింది. నేను అత్త వైపు చూశాను. “వెయ్యకపోతే ఇప్పుడే వెయ్యండి. ఏది తగ్గించాలో, ఏది ఆపాలో నేను చూస్తాను. మీరు మాత్రం ఒక్కటీ ఆపొద్దు” అంది.

మా ఆయన పెదనాన్న కొడుకు రవికుమార్‌కి కారుంది. ఫోను చేశాను. వచ్చి వేపకొమ్మలు చూసి వీధిలోనే ఆగిపోయాడు. “వొదినా, అమ్మోరేటి?” అని అక్కణ్ణించే కేకేశాడు. మా ఆయన గడప ఇవతల, కారు గడప అవతల. మధ్యలో మా అత్త కూర్చుంది, కాళ్ళు చాపి.

“నన్ను దాటుకెల్లండి” అంది.

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఆవిణ్ణి రెక్క పట్టుకుని లేపేద్దామనిపించింది. కానీ లాక్కెళ్ళినా మా ఆయన రాడు, ఆ మనిషి కళ్ళలో అంత భయం ఉంది. పైగా మాత్రలు ఎక్కడున్నాయో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. మందుల షాపు పలాసలో. అక్కడ కూడా ఆ మాత్రలు చెప్పి తెప్పించుకోవాలి.

నేను వెళ్ళి ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాను. అరిస్తే లాభం లేదని తెలిసింది. ఏం మాట్లాడాలో మాత్రం తెలియలేదు. తెలియకుండానే మాట వచ్చేసింది.

“అత్తా, అమ్మోరు ఎవలికి పోసింది?”

“ఎవలికేటి? నా కొడుక్కి.”

“నా కిడ్నీకి పోసిందా?”

ఆవిడ నా మొహం చూసింది.

“నాకు ఆటలమ్మ ఎప్పుడో సిన్నప్పుడు మా ఊర్లో వొచ్చి ఎల్పోయింది. ఇప్పుడు పోసింది నీ కొడుక్కి. పత్తెం నీ కొడుక్కి పెట్టు. సల్లన్నం పెట్టు, మజ్జిగ పొయ్యి, నాను కాదన్ను. నా కిడ్నీకి పత్తెమెందుకు? ఆ మాత్రలు నీ కొడుకువి కావు. అవి నా కిడ్నీవి. ఆడి ఒంట్లో ఉన్నాది గాని అది మా కన్నోరింటిది. దాని తిండి నువ్వు దాసీసేవు.”

అత్త వేపకొమ్మల వైపు తిరిగింది. అది అమ్మవారితో మాట్లాడుకోవడమో, చిన్నమ్మితో మాట్లాడుకోవడమో నాకు తెలియదు. తర్వాత మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. వడ్ల గాదె వెనక చెయ్యి పెట్టి డబ్బా తీసింది. పసుపునీళ్ళలో వేళ్ళు ముంచి డబ్బా మూత మీద చల్లింది. మంచం దగ్గరికెళ్ళి కొడుకు నోటికి అందించింది.

“ఇది కళావతి కిడ్నీకి” అంది పైకి, ఎవరికో వినపడాలన్నట్టు. ప్రతి మాత్రకీ అలాగే అంది.

తర్వాత గడపలోంచి పక్కకి తప్పుకుంది. ఆయన కారెక్కాక కిటికీలోంచి ఒక వేపమండ లోపల పెట్టింది. “తల్లిని ఒగ్గీసెల్లకండి. తోడు తీసుకెల్లండి” అంది.

టెక్కలి దాటేసరికి ఆయనకి ఆయాసం మొదలైంది. రవికుమార్ మాట్లాడకుండా కారు తోలాడు, అదే నాకు ఇంకా భయమేసింది. మామూలుగా వాడి నోరు ఆగదు. నరసన్నపేట దగ్గర లారీలు అడ్డమొస్తే స్టీరింగు మీద గుద్దాడు. నేను ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, వేపమండతో విసురుతూ, నాకొచ్చిన దేవుళ్ళందరినీ పిలిచాను. అమ్మవారిని కూడా పిలిచాను. పిలవనని ఎవరన్నారు?

ఆసుపత్రిలో విడి గది ఇచ్చారు. ఆక్సిజన్ పెట్టారు. సెలైనుతో పాటు మందు ఎక్కిస్తూ ఉన్నారు. వైరస్‌ని అణిచే ఆ మందు బయటికి పోవాల్సింది మళ్ళీ కిడ్నీ గుండానే అని డాక్టరు చెప్పింది. మందు తగ్గితే వైరస్ ఊపిరితిత్తుల్ని పట్టేస్తుంది, ఎక్కువైతే కిడ్నీకి దెబ్బ. కిడ్నీని కాసే మాత్రల్లో ఒకటి కొన్నాళ్ళు ఆపింది, ఒళ్ళు కొంచెం తిరగబడాలని. మరీ తిరగబడితే కిడ్నీనే తన్నేస్తుంది. రోజూ పొద్దున్న రక్తం తీసుకెళ్ళేవారు. క్రియాటినిన్ పెరుగుతోందని చెప్పేవారు. అది పెరిగితే కిడ్నీ అలిసిపోతున్నట్టు. ఆయన పోతాడేమోనని భయం. ఆయన ఉండి, కిడ్నీ పోతుందేమోనని ఇంకో భయం. ఇంకోసారి ఇద్దామంటే నా దగ్గర ఏముంది?

అత్త ఫోను చేసేది. కొడుకు ఎలా ఉన్నాడని అడిగేది కాదు. “కళావతి కిడ్నీ ఎలగున్నాదే?” అనేది. ఒకరోజు మాత్ర ఆపిన సంగతి చెప్పాను.

“సూసినావా, డాక్టరమ్మ కూడా మానిపించింది!”

“ఒక్కటే అత్తా.”

“ఒక్కటైనా మానిపించింది కదేటి!”

నాకు నవ్వొచ్చింది. ఆ గదిలో అదే మొదటి నవ్వు. మా ఆయన మాస్కులోంచి, “ఏటంటంది అమ్మ?” అని అడిగాడు. మాట స్పష్టంగా వచ్చింది. ఆయాసం లేకుండా వచ్చింది. నేను ఫోను పట్టుకునే ఏడ్చేశాను. అవతల అత్త, “ఏటయ్యిందే? ఓలె, సెప్పవేటి?” అని కేకలేస్తోంది.

పొక్కులు మాడి చెక్కు కట్టాయి. క్రియాటినిన్ కొంచెం దిగింది. మునుపున్న చోటికి మాత్రం రాలేదు, ఇక రాదన్నారు. నొప్పి నెలల తరబడి ఉండొచ్చన్నారు. ఆపిన మాత్ర మళ్ళీ ఎప్పుడు మొదలెట్టాలో చెప్పారు. ఇంటికి పంపిస్తూ డాక్టరు గౌతమి నన్ను ఆపింది.

“కళావతిగారూ, కిడ్నీ ఇచ్చినవాళ్ళు కూడా ఏడాదికోసారి చూపించుకోవాలి. మీరు ఎప్పుడు చూపించుకున్నారు?”

“కుట్లు విప్పినాక రాలేదండి.”

“నడుం పట్టుకుని నడుస్తున్నారు?”

“పిక్కల పని కదండీ, వంగి వంగి.” నేను అబద్ధమాడలేదు. నిజమేమిటో నాకు తెలియదు, అంతే. పరీక్షలు రాసి కాగితమిచ్చింది. పిక్కల కాలం అయ్యాక చూద్దామని సంచిలో పెట్టేశాను. కారు తాళం తిప్పుకుంటూ పక్కనే ఉన్న రవికుమార్ అంతా విన్నాడు. వాడు విన్నది ఊళ్ళోకి చేరకుండా ఉంటుందా?

మేము వెళ్ళేసరికి పిక్కల కాలం అయిపోవచ్చింది. చెట్ల కింద ఎండిపోయిన పళ్ళే మిగిలాయి. ఊళ్ళో అమ్మవారి సంబరం దగ్గరపడింది. ఆ రోజు ఆడవాళ్ళం ముర్రాటలు మోస్తాం. కొత్త కుండలో పసుపునీళ్ళు పోసి, వేపాకు వేసి, తలమీద పెట్టుకుని వెళ్ళి అమ్మవారి ముందు కుమ్మరించి చల్లబరుస్తాం. ఇంటికొక కుండ. సంబరం పొద్దున్న మా ఆయన చొక్కా లేకుండా పల్చటి తువ్వాలు కప్పుకుని అరుగు మీద కూర్చున్నాడు. డొక్క మీద మచ్చలు గోధుమరంగులో పట్టీలా ఉన్నాయి. వీధిలో పోయేవాళ్ళు పలకరిస్తున్నారు. “కళావతమ్మా, నీ కిడ్నీ ఎలగున్నాది?”

“బాగున్నాది.”

పెరట్లోకి వెళ్తే అత్త రెండు కుండలకి పసుపు రాస్తోంది.

“రెండెందుకత్తా?”

“ఒకటి ఆడికి. అమ్మోరు సల్లగా ఎల్లింది కదా.”

“రెండోది?”

“కళావతి కిడ్నీకి.”

“ఆయన్లో ఉన్నదానికి ఆయన కుండ సాలదేటి?”

అత్త పసుపు చేత్తోనే నా కుడి నడుం మీద తట్టింది. రెండేళ్ళలో ఆ పక్కన ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

“అది కాదే. నీకాడ ఉండిపోనాది సూడు, దానికి. ఎలగున్నాదని ఎవలమైనా అడిగినామేటి? నానడిగినానేటి? ఒక్కటే కదే ఉన్నాది నీకు. రవిగాడు సెప్పినాడు, డాక్టరమ్మ ఏటడిగిందో. సంబరం అయిపోగానే కారు తెమ్మన్నాను. నాను కూడా వొత్తాను. రగతమిచ్చి రా.”

ఇన్నాళ్ళూ నా మీద నేనే జాలిపడకుండా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి పైకొచ్చేసింది. ఏడుస్తున్నానని కనపడకుండా వంగి, నాదనుకున్న కుండ ఎత్తబోయాను. ఆవిడ నా చెయ్యి తోసేసి, మా ఆయన కుండ నా ముందుకి జరిపింది. డెబ్భై దాటిన మనిషి, తలమీద చుట్టగుడ్డ సర్దుకుంది.

“ఆడిది నువ్వు మొయ్యి. నీది నాను మోత్తాను” అంది.